ధన విచలనం అంటే పరిమాణం పెరగాలిగా, మరి నా జార్‌లో 3.5 మి.లీ. ఎటు పోయింది?

చాక్‌పీస్
జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. నిన్న సెకండియర్ పిల్లల ముందు పరువు పోయింది. ఇక్కడైనా ఎవరైనా ఒడ్డున పడేస్తారని రాస్తున్నా.

ద్రావణాల పాఠం. రౌల్ట్ నియమం (మిశ్రమం బాష్పపీడనం, అంటే ఆవిరి ఒత్తిడి, వాటాల ప్రకారం ఉండాలన్నది), అంతకంటే ఎక్కువుంటే ధన విచలనం, తక్కువుంటే రుణ విచలనం, అన్నీ అయ్యాయి. మా నోట్సులో ఒక పట్టిక ఉంది. ధన విచలనం అంటే కలిపినప్పుడు పరిమాణం పెరుగుతుంది, వేడి పీల్చుకుంటుంది. రుణ విచలనం అంటే పరిమాణం తగ్గుతుంది, వేడి వదులుతుంది. ధన విచలనం ఉదాహరణల్లో ఇథనాల్, నీళ్లు. ఇన్నేళ్లుగా ఇదే చెప్తున్నా.

నిన్న ల్యాబ్‌లో ఒక అమ్మాయి "చేసి చూద్దామా సార్" అంది. 50 మి.లీ. ఇథనాల్, 50 మి.లీ. నీళ్లు. 100 మి.లీ. జార్‌లో పోసి కలిపితే మట్టం 96కీ 97కీ మధ్య ఆగింది. సన్నటి బుడగలు లేచాయి. జార్ పట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది. థర్మామీటర్ 28 నుంచి 33 దాటింది. అంటే పరిమాణం తగ్గింది, వేడి వదిలింది. రెండూ నోట్సుకు అడ్డం. "నోట్సు తప్పా సార్, జార్ తప్పా?" అని ఆ అమ్మాయి అడిగితే "జార్ పాతదిలే" అని తప్పించుకున్నా. రాత్రి నిద్ర పట్టలేదు.

తుంటరి_బ్యూరెట్
ఆ 3.5 మి.లీ. గురించి ముందు ల్యాబ్ అటెండర్‌ని అడిగారా?

కాఫీగ్లాసు
ఇథనాల్ కదా, ఆవిరైపోయి ఉంటుంది. మా ఇంట్లో స్పిరిట్ సీసా మూత తెరిచి ఉంచితే సాయంత్రానికి సగం అవుతుంది.

సాల్వెంట్_సూరి
నిమిషంలో మూడున్నర మి.లీ. ఆవిరవదు గ్లాసు గారూ. అనుమానముంటే తూకం వెయ్యండి. 20 డిగ్రీల దగ్గర ఇథనాల్ సాంద్రత 0.789, కాబట్టి 50 మి.లీ. అంటే 39.5 గ్రాములు. నీళ్లు 49.9. మొత్తం 89.4. కలిపాక కూడా అంతే తూగుతుంది. ఆ పాళ్ల మిశ్రమం సాంద్రత 0.926 దాకా ఉంటుంది. భాగిస్తే 96.5 మి.లీ. వస్తుంది. చాక్‌పీస్ గారి జార్ బంగారంలాంటి జార్.

ర్యాంకుల_రామం
ఇందులో గొడవేముంది? పరిమాణం తగ్గింది, వేడి వచ్చింది, కాబట్టి రుణ విచలనం. నోట్సు రాసినాయన పొరపాటున ధనంలో వేసుంటాడు. కొట్టేసి రుణంలో రాయించండి, అయిపోయింది. నేను పదేళ్లుగా ఎంట్రన్స్ పిల్లలకి చెప్తున్నా, ΔH (కలిపినప్పటి వేడి మార్పు) గుర్తు చూస్తే విచలనం చెప్పేయొచ్చు.

సాల్వెంట్_సూరి
అయ్యా రామం గారూ, అలా కొట్టేస్తే మా ప్లాంటులో ద్రవాల్ని మరిగించి వేరుచేసే కాలమ్ ఒప్పుకోదు. ఇథనాల్ 78.4 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్లు 100 దగ్గర. బరువులో 95.6 శాతం ఇథనాల్ ఉన్న మిశ్రమం 78.2 దగ్గరే మరుగుతుంది. రెండింటి కంటే కింద. బాష్పపీడనం రౌల్ట్ లెక్క కంటే ఎక్కువ ఉంటేనే అది జరుగుతుంది. అది ధన విచలనమే, సందేహం లేదు.

రుణం ఎలా ఉంటుందో కావాలంటే అసిటోన్, క్లోరోఫామ్ చూడండి. ఒకటి 56 దగ్గర, ఇంకోటి 61 దగ్గర మరుగుతుంది. మిశ్రమం రెండింటినీ దాటి 64 పైకి వెళ్తుంది.

ర్యాంకుల_రామం
మరి వేడెందుకొచ్చింది? రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయి?

చాక్‌పీస్
నా ప్రశ్న కూడా అదే రామం గారూ. అది తెలిస్తే ఇక్కడికెందుకొస్తాను.

నాలుగోబెంచీ
ముందు ఎగ్జామ్‌లో ఏం రాయాలో చెప్పండి, తర్వాత కొట్టుకోండి 🙏

గిబ్స్_భక్తుడు
రెండూ నిజమే. తప్పు ఆ పట్టికలో, మూడు వేర్వేరు విషయాలను ఒకే తాడుకి కట్టడంలో ఉంది.

బాష్పపీడనం దేన్ని చూపిస్తుంది? ద్రవంలో ఉన్న అణువుకి బయటికి పోవాలన్న ఆత్రం ఎంతో చూపిస్తుంది. ఆ ఆత్రాన్ని కొలిచేది గిబ్స్ శక్తి. చేతికి తగిలే వేడి ఎంథాల్పీ మాత్రమే. మధ్యలో ఎంట్రోపీ, అంటే అణువుల గందరగోళం, ఉంది. నోట్సు రాసినవాళ్లు దాన్ని ఆదర్శ ద్రావణంలో (రౌల్ట్ నియమాన్ని పూర్తిగా పాటించేదాంట్లో) ఉన్నట్టే ఉంటుందని వదిలేశారు. చాలా జంటలకు ఆ వదిలెయ్యడం చెల్లుతుంది. నీళ్లున్న చోట చెల్లదు.

అంకెల్లో చూద్దాం. 25 డిగ్రీలు, నాలుగు అణువుల్లో ఒకటి ఇథనాల్. చాక్‌పీస్ గారు కలిపింది సరిగ్గా ఆ పాళ్ల దగ్గరే. మోలుకి సుమారు 700 జౌళ్ల వేడి బయటికొస్తుంది. అది కలవడానికి అనుకూలం. కానీ ఎంట్రోపీ ఆదర్శ ద్రావణంలో పెరగాల్సినంత పెరగదు. ఆ లోటుని ఉష్ణోగ్రతతో గుణిస్తే 1,300 జౌళ్ల పైచిలుకు. 700 జమ, 1,300 ఖర్చు. నికరంగా 600 నష్టం. ఆ నష్టమే ధన విచలనం. అయినా రెండూ ఎందుకు కలిసిపోతున్నాయంటే, కలగలిసిపోవడం వల్ల వచ్చే మామూలు లాభం 1,390 దాకా ఉంది. అందులో 600 పోయినా ఇంకా మిగులే. ఇథనాల్ బదులు బ్యుటనాల్ పోసి చూడండి, ఆ మిగులు చాలదు, కొంత దూరం కలిసి రెండు పొరలుగా విడిపోతుంది.

ర్యాంకుల_రామం
ఎంట్రోపీ ఎందుకు తగ్గుతుంది? రెండు కలిస్తే గందరగోళం పెరగాలి కదా.

గిబ్స్_భక్తుడు
పెరుగుతుంది, కానీ అనుకున్నంత కాదు. ఇథనాల్‌కి ఒక చివర హైడ్రాక్సిల్ ఉంది, అది నీళ్లతో చెయ్యి కలుపుతుంది. రెండో చివర ఇథైల్ తోక ఉంది, దాన్ని నీళ్లు పట్టుకోలేవు. తోక చుట్టూ ఉన్న నీటి అణువులు తమలో తాము హైడ్రోజన్ బంధాలు పోగొట్టుకోకుండా ఉండాలంటే ఒక క్రమంలో నిలబడాలి. ఫ్రాంక్, ఎవాన్స్ 1945లో దీన్నే మంచు గడ్డల పోలికతో చెప్పారు, తోక చుట్టూ నీళ్లు బుల్లి మంచుగడ్డలా కుదురుకుంటాయని. బంధాలు గట్టిపడతాయి కాబట్టి వేడొస్తుంది. కుదురుగా, ఒత్తుగా సర్దుకుంటాయి కాబట్టి పరిమాణం తగ్గుతుంది. క్రమం ఏర్పడుతుంది కాబట్టి ఎంట్రోపీ పోతుంది. చాక్‌పీస్ గారిని ఇబ్బంది పెట్టిన మూడూ ఒకే చోట నుంచి వచ్చాయి.

కందిపప్పు_పీహెచ్‌డీ
పోలిక బాగుంది కానీ భక్తుడు గారూ, ఆ మంచుగడ్డలను పిల్లలకి అలాగే చెప్పకండి. న్యూట్రాన్లతో తోక చుట్టూ ఉన్న నీళ్లను చూసినవాళ్లకు మంచులాంటి గూడు కనబడలేదు. 2002లో నేచర్‌లో మిథనాల్, నీళ్ల మీద వచ్చిన పని గుర్తుందా? ద్రావణం కంటికి ఒకటిగా ఉన్నా అణువుల స్థాయిలో పూర్తిగా కలవలేదు, గుంపులు గుంపులుగా ఉంది. ఎంట్రోపీ లోటులో కొంత అందువల్ల కూడా. పెళ్లి పందిట్లో మగపెళ్లివారు ఒక వైపు, ఆడపెళ్లివారు ఒక వైపు కూర్చున్నట్టు. పందిరి ఒకటే, కలవడం మాత్రం అంతంతే.

గిబ్స్_భక్తుడు
ఒప్పుకుంటా. గడ్డలు అన్న మాట నేను కూడా కొటేషన్లలో పెట్టాల్సింది. కానీ ఎంట్రోపీ తగ్గిందన్నది కొలత, పోలిక కాదు. అది అలాగే ఉంటుంది.

కాఫీగ్లాసు
మా పెళ్లిలో బాష్పపీడనం బాగా ఎక్కువ. భోజనాలవగానే అందరూ పరార్.

సాల్వెంట్_సూరి
😂 ధన విచలనానికి ఇంతకంటే మంచి నిర్వచనం చూళ్లేదు.

ఇంకో మాట. ఆ వేడి 25 డిగ్రీల దగ్గరి సంగతి. ఉష్ణోగ్రత పెంచుతూ పోతే కలిపినప్పుడు వచ్చే వేడి తగ్గుతూ పోతుంది, 100 దాటాక చాలా పాళ్లలో వేడి పీల్చుకునే వైపు తిరుగుతుంది. అంటే మరిగే చోటుకి దగ్గరయ్యేకొద్దీ నోట్సు పట్టిక కాస్త దారికొస్తుంది. ల్యాబ్ బల్ల మీదే అడ్డం తిరుగుతుంది. ΔH గుర్తు ఇలా ఉష్ణోగ్రతతో మారిపోతుంటే దాన్ని చూసి విచలనం చెప్పడం నాకైతే ధైర్యం చాలదు.

ర్యాంకుల_రామం
సరే, పదేళ్ల నుంచి తప్పు చెప్తున్నానన్నమాట. నా ర్యాంకులకి మాత్రం ఏం కాలేదు.

నాలుగోబెంచీ
ఎగ్జామ్ సంగతి???

చాక్‌పీస్
ఇథనాల్, నీళ్లు ఇస్తే ధన విచలనం, కనిష్ఠ మరుగు అజియోట్రోప్ (పాళ్లు మారకుండా మరిగే మిశ్రమం) అని రాయి. ΔH, ΔV (పరిమాణం మార్పు) గుర్తులు అడిగితే ఇథనాల్–అసిటోన్ ఉదాహరణ రాయి, ఎవరూ నిన్ను పట్టుకోరు.

నాలుగోబెంచీ
థాంక్యూ సార్. నేను పోతున్నా.

పసుపుకొమ్ము
మీరంతా జార్ లోపలే చూస్తున్నారు, జార్ పైన చూడండి. నేను ఫిజిక్స్ టీచర్‌గా రిటైరయ్యాను. ఒకటి చేసి చూపిస్తే ఇప్పటికీ మనవలు నోరు తెరుస్తారు.

స్టీలు పళ్లెంలో అడుగు తడిసేంత నీళ్లు మాత్రమే పొయ్యాలి. ఎక్కువ పోస్తే సరిగ్గా కనబడదు. పైన చిటికెడు పసుపు చల్లాలి. మధ్యలో ఒక్క చుక్క స్పిరిట్ వెయ్యాలి. పసుపు ఒక్క ఊపున అంచుకి పారిపోతుంది. అక్కడితో ఆగదు. నీళ్లే పక్కకి జరిగి మధ్యలో రూపాయి బిళ్లంత మేర పళ్లెం బయటపడుతుంది. ఆ అంచు వణుకుతూ ఉంటుంది, ఏదో పురుగు పాకినట్టు. స్పిరిట్ ఆరిపోయాక నీళ్లు మళ్లీ మెల్లగా వచ్చి మూసుకుంటాయి.

నీళ్ల తలతన్యత (పైపొర బిగువు) 25 డిగ్రీల దగ్గర మీటరుకి 72 మిల్లీ న్యూటన్లు, ఇథనాల్‌ది 22. చుక్క పడ్డచోట పట్టు సడలింది, చుట్టూ ఉన్న నీళ్లు బలంగా లాగేసుకున్నాయి. దేవుడి కర్పూరం ముక్క నీళ్ల మీద వేస్తే గిరగిరా తిరుగుతుందే, అదీ ఇదే.

చాక్‌పీస్
మేడమ్, ఇది బాగుంది. కానీ నా గొడవకీ దీనికీ లింకేంటి?

పసుపుకొమ్ము
ఉంది నాయనా. బరువులో పది శాతం ఇథనాల్ కలిపితే తలతన్యత ఎంత కావాలి? వాటాల ప్రకారం చూస్తే 72 లోంచి అయిదు తగ్గి 67 దగ్గర ఉండాలి. నిజంగా కొలిస్తే 48 లోపే. సగం సగం కలిపేసరికి 28. ఆ తర్వాత స్వచ్ఛమైన ఇథనాల్ దాకా వెళ్లినా ఇంకో ఆరు మాత్రమే తగ్గుతుంది. మొదటి పది శాతమే అంత పని చేసేసింది. ఎందుకో భక్తుడు గారు చెప్తారు, నాకు కళ్లు లాగుతున్నాయి.

గిబ్స్_భక్తుడు
మేడమ్ బంతి నాకు వేసి వెళ్లిపోయారు.

లోపల ఇమడలేని అణువుకి రెండు దార్లు. ఒకటి, ఆవిరైపోవడం. రెండు, నీళ్లలోనే ఉంటూ పైకొచ్చి తోకని గాల్లోకి పెట్టుకుని కూర్చోవడం. మొదటి దారి బాష్పపీడనంలో కనబడుతుంది, రెండోది తలతన్యతలో. రెండింటి వెనకా ఉన్నది ఒకే ఆత్రం. పలుచటి ద్రావణంలో ఇథనాల్ యాక్టివిటీ గుణకం 4 దాకా ఉంటుంది, అంటే రౌల్ట్ చెప్పిన దానికి నాలుగు రెట్ల ఆత్రం. పైన అది లోపలి కంటే ఎన్నో రెట్లు ఒత్తుగా పేరుకుంటుంది. మనం పది శాతం పోశామనుకుంటాం, ఉపరితలానికి మాత్రం దాదాపు ఆల్కహాల్ పొర పరిచినట్టే. అందుకే 48. ఒకసారి పైపొర నిండిపోయాక ఇంకెంత పోసినా పెద్దగా తేడా పడదు.

తలతన్యత ఎంత వేగంగా పడుతోందో చూసి పైన ఎంత అదనంగా పేరుకుందో చెప్పే సమీకరణం గిబ్స్‌ది. అందులో గాఢత పెట్టకూడదు, యాక్టివిటీ (గాఢతని ఆ గుణకంతో సరిచేసింది) పెట్టాలి. ఇది నా నెత్తిన పడ్డ దెబ్బ. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో లాగ్ గాఢత మీద గ్రాఫ్ గీసి, స్వచ్ఛమైన ఇథనాల్ దాకా లెక్క కట్టుకుపోయా. వైవాకొచ్చిన పెద్దాయన కాగితం తిప్పి చూసి, "నీ ద్రావణం ఆదర్శమా బాబూ?" అని ఒక్క ముక్క అడిగాడు. అరవై పేజీలు మళ్లీ టైపు చేయించా. ఈ జంట మీదే 1933లో గుగెన్‌హైమ్, ఆడమ్ ఆ లెక్క పద్ధతిగా చేసి పెట్టారు. ముందే చదివుంటే డబ్బులు మిగిలేవి.

కందిపప్పు_పీహెచ్‌డీ
యాక్టివిటీ పెడితే వచ్చే బొమ్మ కూడా వేరు. పైన చేరిన అదనం పలుచటి ద్రావణంలోనే శిఖరానికి చేరి, తర్వాత దిగుతుంది. ఎందుకంటే లోపల కూడా ఇథనాల్ పెరిగేకొద్దీ పైకి పోవాల్సిన అవసరం తగ్గుతుంది. పందిట్లో అందరూ మగపెళ్లివారే అయితే ఎవరు ఎక్కడ కూర్చున్నా ఒకటే కదా.

తుంటరి_బ్యూరెట్
కందిపప్పు గారికి ఈ మధ్య పెళ్లి కుదిరినట్టుంది.

సించూ_తెలుగోడు
తైవాన్‌లో చిప్ ఫ్యాబ్‌లో పనిచేస్తున్నా. పసుపుకొమ్ము మేడమ్ పళ్లెం చదివి కుర్చీలోంచి లేచా. మేము రోజూ చేసేది అదే. కడిగిన వేఫర్‌ని (చిప్పులు చేసే పలుచటి సిలికాన్ బిళ్లని) నీళ్లలోంచి మెల్లగా పైకి లాగుతూ, నీటి అంచు మీదకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఆవిరి వదులుతాం. అంచు దగ్గర పలుచటి నీటి పొరలో ఆల్కహాల్ ఎక్కువ చేరి తలతన్యత పడిపోతుంది, కింద ఉన్న నీళ్లు దాన్ని లాగేసుకుంటాయి. వేఫర్ పొడిగా బయటికొస్తుంది, నీటి మరక ఉండదు. దీన్ని మరంగోని డ్రయింగ్ అంటారు. ఇక్కడ నాకు ట్రైనింగ్‌లో నలభై స్లైడ్లు చూపించారు. పసుపు, పళ్లెం చాలు అని ఇప్పుడు తెలిసింది.

పసుపుకొమ్ము
బాగుంది నాయనా. మీ వాళ్లకి పసుపు మాత్రం చూపించకు, ఆ గదిలోకి దుమ్ము రానివ్వరట కదా.

కాఫీగ్లాసు
మరంగోని అంటే గ్లాసు గోడ మీద వైన్ కన్నీళ్లు కార్చేదే కదా? ఒక స్నేహితుడు చెప్పాడు.

తుంటరి_బ్యూరెట్
స్నేహితుడు 😏

గిబ్స్_భక్తుడు
అదే. గోడ మీది పలుచటి పొరలోంచి ఆల్కహాల్ ముందు ఆవిరవుతుంది. అక్కడ నీళ్ల వాటా పెరిగి తలతన్యత ఎక్కువవుతుంది, కిందున్న వైన్‌ని పైకి లాక్కుంటుంది, బరువెక్కాక చుక్కలుగా జారుతుంది. దీన్ని మొదట సరిగ్గా చెప్పింది జేమ్స్ థామ్సన్, 1855లో. లార్డ్ కెల్విన్ అన్నగారు. మరంగోని తన సిద్ధాంత వ్యాసం వెలువరించింది 1865లో. పేరు మాత్రం మరంగోనికే మిగిలింది. అదే 1865లో రష్యాలో మెండలీవ్ డాక్టరేట్ తీసుకున్నది కూడా ఆల్కహాల్, నీళ్ల కలయిక మీదే. చాక్‌పీస్ గారి 3.5 మి.లీ. మీద ఆయన కూడా నిద్ర మానుకున్నాడన్నమాట. వోడ్కాకి 40 శాతం ఆయనే ఖాయం చేశాడన్న కథ మాత్రం నమ్మకండి, కట్టుకథ.

సాల్వెంట్_సూరి
మీరంతా చరిత్రలో ఉన్నారు, నేను షిఫ్టులో ఉన్నా. ధన విచలనం మాకెంత ఖరీదో చెప్తా. హైదరాబాద్ శివార్లలో ఒక బల్క్ డ్రగ్ యూనిట్, సాల్వెంట్ రికవరీ సెక్షన్. వాడేసిన ఐపీఏ (పైన చెప్పిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్) నీళ్లతో కలిసి వస్తుంది. కాలమ్‌లో ఎంత మరిగించినా పైన 80.3 డిగ్రీల దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. 87, 88 శాతం ఐపీఏ, మిగతా నీళ్లు. ట్రేలు పెంచినా అంతే, రిఫ్లక్స్ (పైకొచ్చిన ద్రవంలో కొంత మళ్లీ కాలమ్‌లోకి పంపడం) పెంచినా అంతే. కొత్తగా చేరినప్పుడు ఒక రాత్రంతా రిఫ్లక్స్ పెంచుతూ కూర్చున్నా. ఆవిరి బిల్లు పెరిగింది, శాతం కదల్లేదు. పొద్దున సీనియర్ వచ్చి "ఏరా, ప్రకృతితో పందెమా?" అన్నాడు.

అక్కడి నుంచి మాలిక్యులర్ సీవ్ మీదకి పంపాలి. 3ఏ రకం జల్లెడ, దాని రంధ్రాల్లో నీటి అణువు దూరుతుంది, ఆల్కహాల్ దూరదు. పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కి కూడా ఇదే తిప్పలు, 95.6 చాలదు, 99.5 దాటాలి.

ర్యాంకుల_రామం
ఒత్తిడి తగ్గించి మరిగిస్తే?

సాల్వెంట్_సూరి
మంచి ప్రశ్న. ఇథనాల్‌కైతే 70 మిల్లీమీటర్ల పాదరసం కంటే కిందకి దింపితే అజియోట్రోప్ మాయమవుతుంది. కానీ ఆ వాక్యూమ్‌లో ఆవిరిని చల్లార్చడానికి చిల్లర్ కావాలి, కాలమ్ లావెక్కాలి. లెక్క వేసినవాళ్లు మళ్లీ సీవ్ దగ్గరికే వస్తారు.

పైన అసిటోన్, క్లోరోఫామ్ మాట నేనే ఎత్తాను కాబట్టి ఒక హెచ్చరిక. చాక్‌పీస్ గారూ, అది పిల్లలతో చేయించకండి. క్షారం ఏ కాస్త తగిలినా ఆ జంట మిశ్రమంగా ఉండదు, రసాయన చర్య మొదలై విపరీతంగా వేడెక్కి సీసా పగులుతుంది. వేస్ట్ సాల్వెంట్ డబ్బాలో ఆ రెండూ కలపొద్దని మా దగ్గర గోడ మీద రాసుంటుంది.

చాక్‌పీస్
చేయించను సూరి గారూ. మా ల్యాబ్‌లో ఉన్న క్లోరోఫామ్ సీసా మీద తేదీ చూస్తే నేను చదువుకునే రోజులనాటిది.

చాక్‌పీస్
రెండు రోజుల తర్వాత వస్తున్నా. ఇవాళ క్లాసులో ముందు ఒప్పుకున్నా, జార్ తప్పు కాదని. ఆ అమ్మాయి నవ్వలేదు, "నాకు తెలుసు సార్, నీళ్లు పోసి చూశా, సరిగ్గానే చూపించింది" అంది. అంటే నేను ఇంటికెళ్లాక జార్‌ని పరీక్షించేసింది.

తూకం వేశాం. ముందూ తర్వాతా 89 గ్రాముల చిల్లర, తేడా లేదు. తర్వాత మేడమ్ పసుపు పళ్లెం. తర్వాత స్టాలగ్మోమీటర్ (చుక్కలతో తలతన్యత కొలిచే పరికరం) లేదు కాబట్టి ఒకే డ్రాపర్‌తో చుక్కలు లెక్కపెట్టించా. ఒక మి.లీ. నీళ్లకి 20 చుక్కలు. పది శాతం ఇథనాల్‌కి 29 ఒకసారి, 30 ఒకసారి. ఇథనాల్‌కి 51. వెనక బెంచీ వాళ్లు కూడా నోరుమూసుకుని లెక్కపెట్టారు, అది నా సర్వీసులో మొదటిసారి.

గిబ్స్_భక్తుడు
సిద్ధాంతం ప్రకారం ఇథనాల్‌కి 52 రావాలి. చుక్క బరువు తలతన్యతని బట్టి, సంఖ్య సాంద్రతని తలతన్యతతో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. డ్రాపర్‌తో 51 అంటే అమ్మాయిల చెయ్యి స్థిరం.

చాక్‌పీస్
ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న వేసి వెళ్లింది. పైపొర పది శాతానికే నిండిపోతే, సోమవారం అయిదు శాతం, రెండు శాతం, ఒక శాతం కూడా చేసి ఎక్కడ నిండుతుందో చూద్దామా అని. ఇంకో 200 మి.లీ. ఇథనాల్ కావాలని ఇండెంట్ పెట్టా.

తుంటరి_బ్యూరెట్
ఇండెంట్ మీద సంతకం పెట్టేది అటెండరేనా?